విదేశవిద్యార్థి కథనము – ఇరువురు “నేను”లు

విద్యార్థమై పరదేశమునకు పోవుట మన వాఙ్మయమునకు క్రొత్త విషయము కాదు. ఆదిపర్వమున కచుడు మృతసంజీవనీవిద్యను కోరి, తనవారిని విడిచి, తనవారికి శత్రువులైన దానవుల గురువును ఆశ్రయించెను. పరభూమి, గురుశుశ్రూష, ఆ దేశపువారి ద్వేషము, గురుపుత్రిక స్నేహము, తిరిగి పోవు దినమున కలిగిన చిక్కు – నేటి విదేశవిద్యార్థికథలో ఏయే ఘట్టములు కానవచ్చునో అవి యన్నియు నన్నయభట్టు తెనిగించిన ఆ యుపాఖ్యానమున నున్నవి. ఒక్కటి మాత్రము లేదు. కచుడు తన కథను తాను చెప్పుకొనలేదు. వైశంపాయనుడు చెప్పగా జనమేజయుడు వినెను. కచుడు శుక్రుని యింట తొలిరాత్రి ఏమనుకొనెనో, ఏ పొరపాటు చేసి సిగ్గుపడెనో మనకు తెలియదు.

ఆధునికవాఙ్మయమున ఈ స్థితి మారినది. పందొమ్మిదవ శతాబ్ది ఉత్తరార్ధమున భారతీయవిద్యార్థులు పలువురు ఇంగ్లండునకు పోవజొచ్చిరి. వారిలో కొందరు తమ కథను తామే వ్రాసిరి. అనగా చదువుకొన్నవాడును చెప్పుచున్నవాడును ఒక్కడే అయ్యెను. పేరున ఒక్కడే యైనను ఆ యిరువురును ఒక్కరని చెప్పుటకు వీలులేదు. ఓడ దిగి తెల్లబోయి నిలుచున్న “నేను” వేరు, ఏండ్లు గడచిన పిదప కలము పట్టిన “నేను” వేరు. ఈ యిరువురి నడుమ ఎంత యెడమున్నది, రచయిత ఆ యెడమును ఎట్లు వినియోగించుకొనెను – అను ప్రశ్నయే ఇట్టి రచనలను తూచుటకు తగిన సాధనమని ఈ వ్యాసమున ప్రతిపాదింపదలచినాను.

ఇందులకు మూడు రచనలను గ్రహించితిని. మొదటిది రవీంద్రనాథ ఠాకూరు వంగభాషలో వ్రాసిన ‘యూరప్ ప్రవాసి పత్రములు’. రెండవది మొక్కపాటి నరసింహశాస్త్రిగారి ‘బారిష్టరు పార్వతీశము’. మూడవది గాంధీజీ గుజరాతీలో వ్రాసిన ఆత్మకథలోని లండను ప్రకరణములు. ఒకటి లేఖావళి, ఒకటి హాస్యనవల, ఒకటి ఆత్మచరిత్ర. ప్రక్రియలు వేరైనను మూడింటను ఉత్తమపురుషకథనమే కలదు. మూడింటను కథానాయకుడు చదువునకై సముద్రము దాటిన యువకుడే. చర్చాసౌలభ్యమునకై ఒక నియమమును పాటింతును. విద్యార్థియైన “నేను”ను ఏకవచనముతోను, కథకుడైన “నేను”ను గౌరవబహువచనముతోను పేర్కొందును. మన భాష ప్రసాదించిన ఈ వచనభేదము ప్రస్తుతవిషయమునకు చక్కగా ఒదుగుచున్నది.

మొదట లేఖలను పరిశీలింతము. రవీంద్రుడు 1878 సెప్టెంబరులో, పదునేడేండ్ల ప్రాయమున, అన్నగారైన సత్యేంద్రనాథునితో కూడ బొంబాయిలో ఓడ నెక్కెను. బ్రైటనులో వదినెగారి యింట కొంతకాలముండి, అచ్చటి బడిలో కొలదిదినములు చదివి, లండనులోని యూనివర్సిటీ కాలేజిలో హెన్రీ మార్లీ యొద్ద ఆంగ్లసాహిత్యపాఠములు విని, 1880లో ఏ పట్టమును పుచ్చుకొనకయే మరలి వచ్చెను. ఆ కాలమున అతడు వ్రాసిన లేఖలు ‘భారతి’ యను వంగపత్రికలో వెలువడి, 1881లో గ్రంథరూపమును దాల్చినవి. ఈ లేఖలలో విద్యార్థికిని కథకునకును నడుమ ఎడము లేదు. నిన్న చూచినది నేడు వ్రాయబడినది. విందులు, నాట్యములు, ఇంగ్లండులోని వంగీయుల వేషభాషలు, స్త్రీల స్వాతంత్ర్యము – అన్నింటిపైనను ఆ యువకుడు వెంటనే తీర్పు చెప్పెను. స్త్రీస్వాతంత్ర్యమును గూర్చిన అతని యభిప్రాయములకు పత్రికాసంపాదకుడును పెద్దన్నయునైన ద్విజేంద్రనాథుడు ఖండనవ్యాఖ్యలను చేర్చి మరీ ప్రకటించెను. ఇంటి పెద్ద పత్రికాముఖమున తమ్ముని మందలించుట, తమ్ముడు మరల వాదించుట – విదేశమునుండి వచ్చు ఉత్తరమునకు ఇంటిలో ఎట్టి యలజడి కలుగునో ఇంతకంటె స్పష్టముగా తెలుపు నిదర్శనము అరుదు.

మూడు దశాబ్దములు గడచినవి. 1912లో గ్రంథముగా వచ్చిన ‘జీవనస్మృతి’లో రవీంద్రులు ఆ లేఖలను తలచుకొని నొచ్చుకొనిరి. వానిని అచ్చువేయించుట దుర్ముహూర్తమున జరిగిన పని యనియు, మరలించుకొనుట ఇక తన చేతిలో లేదనియు వారి భావము. ఇతరులను అర్థము చేసికొనుట, అంగీకరించుట, గౌరవించుట అనువాని యందే నిజమైన గొప్పతనమున్నదని ఆ వయస్సున తనకు తోచలేదనియు, మెచ్చుకొనుట దౌర్బల్యముగను, తప్పుపట్టుట ప్రజ్ఞగను భావించితిననియు వారు ఒప్పుకొనిరి. ఇది ఒక రచయిత తన తొలిగ్రంథములలో నొకదానిపై తానే చేసిన విమర్శ. విమర్శకులకు ఇట్టి సాక్ష్యము తరచుగా దొరకదు.

‘జీవనస్మృతి’లో కానవచ్చు లండను వేరు. అందు ఒక లాటిను ఉపాధ్యాయుని చిత్రమున్నది. కృశించిన శరీరము, చిరిగిన దుస్తులు, పేదరికము. ఒక్కొక్క యుగమున లోకమునందలి మానవసంఘములన్నింటను ఒకే ప్రధానభావము పొడసూపునని అతనికి ఒక సిద్ధాంతము. దానిని నిరూపింపవలెనను ఆరాటములో అతడు పాఠములనే మరచుచుండెను. విద్యార్థి ఆ బస విడిచిపోవునపుడు, నేను మీకేమియు చెప్పలేదు గనుక జీతము పుచ్చుకొనజాలనని ఆ ఉపాధ్యాయుడు నిరాకరింపగా, అతికష్టము మీద ఒప్పింపవలసి వచ్చెను. ఈ ఘట్టమును చెప్పునపుడు రవీంద్రులు నవ్వలేదు, ఎగతాళి చేయలేదు. ఆ సిద్ధాంతమున కొంత సత్యమున్నదను నమ్మకము తనలో నిలిచిపోయినదని చెప్పిరి. పదునేడేండ్లవాడు ఆ మనుష్యుని చూచెను, ఏబదియేండ్లవారు గుర్తించిరి. చూచుటకును గుర్తించుటకును నడుమనున్న ఎడమే ఆ పుటల సౌందర్యమునకు మూలము.

అట్లని లేఖలు నిష్ప్రయోజకములని త్రోసివేయరాదు. వానిలో స్మృతికి అందని తాజాదనమున్నది. అంతకంటె ముఖ్యముగా, అవి వంగభాషలో వాడుకమాటలతో వ్రాసిన తొలి గద్యరచనలలో చేరినవి. ఇది యాదృచ్ఛికము కాదని నా యభిప్రాయము. దూరదేశమునుండి ఇంటివారికి కనుచూపు చూపింపవలెనన్న, ఇంటిలో మాటలాడు భాషయే తగియుండును. మన ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830-31 సంవత్సరములలో కాశీయాత్ర చేయుచు మిత్రునకై వ్రాసియుంచిన వృత్తాంతమున ఆనాటి వాడుకభాష నిలిచియుండుటకును కారణమిదియే. వినువాడు ఎదుట లేనపుడు, ఉన్నట్లు భావించి వ్రాయు రచనలో నాలుకపై నాడు భాష తనంత తాను వచ్చును.

ఇక తెలుగున కీర్తికెక్కిన విదేశవిద్యార్థి పార్వతీశము. మొక్కపాటివారు స్వయముగా ఆ దేశమున చదివి వచ్చినవారు. ‘బారిష్టరు పార్వతీశము’ మొదటి భాగము 1924-25 ప్రాంతమున వెలువడినది. తక్కిన రెండు భాగములును కొన్ని దశాబ్దముల పిదప వచ్చినవి. మొగల్తూరు యువకుడు, నరసాపురమున ఉన్నతపాఠశాలలో చదివినవాడు, ఇంట చెప్పకుండ బయలుదేరి, పడవ మీద నిడదవోలునకును, రైలు మీద చెన్నపట్టణమునకును పోయి, అచ్చటినుండి సముద్రము మీద సాగి, ఫ్రాన్సును లండనును చూచి, ఎడింబరో చేరును. మొదటి భాగమున అధికాంశము ప్రయాణమే. న్యాయశాస్త్రము వాసన పాఠకునకు తగులకముందే కథ రసవత్తరమైనది.

ఈ నవలయందు మొక్కపాటివారు చూపిన నేర్పును కొందరు “అమాయకత్వహాస్యము” అని ఒక్కమాటతో సరిపెట్టుదురు. ఆ మాట చాలదు. అమాయకుని చూచి నవ్వుట సులభము. అమాయకుడే తన కథను చెప్పుచుండగా అతనిని చూచి నవ్వించుట కష్టము. పార్వతీశము తన సామానును, తన పిలకను, తాను కొన్న టోపీని గూర్చి గంభీరముగా చెప్పును. అది దొరసానులు ధరించు టోపీ యని అతనికి తెలియదు. తెలిసిన పిదపనైనను, ఇదివరకే తెలిసియుండవలసినదని కథకుడు మధ్యలో దిగి పాఠకునకు కన్నుగీటడు. ఇరువురు “నేను”ల నడుమ ఉండవలసిన ఎడమును రచయిత పాఠకుని చేతికి అప్పగించెను. పార్వతీశము చూడనిదానిని పాఠకుడు చూచును. రవీంద్రులు ముప్పదియేండ్ల కాలముతో సాధించినదానిని మొక్కపాటివారు పాఠకుని వివేకముతో సాధించిరి.

ఈ హాస్యమున ద్వేషము లేదనుటకు సామానే సాక్షి. ఓడ మీదికి తగని సామానును మోసికొనిపోవు యువకుని చూచి మనము నవ్వుదుము. కాని ఆ సామాను ఏమి? అతడు ఇంట ఎవరికిని చెప్పక వచ్చినవాడు. తల్లిదండ్రుల దీవెన పొందలేదు, ఊరు సాగనంపలేదు. చెప్పక విడిచిన యింటిని అతడు మూటలుగా కట్టి తెచ్చుకొన్నట్లున్నది. ఆ మూటలను ఒక్కొక్కటిగా వదలుకొనుటయే అతని ప్రయాణము. పైకి నవ్వుగా కానవచ్చు ఈ వదలుకొనుటలో ఒక దిగులున్నదని గ్రహింపనివారు నవలను సగమే చదివినవారు. గోదావరిమండలపు పలుకుబడితో నిండిన వాడుకభాష ఈ దిగులును దాచియుంచుటకు రచయితకు మిక్కిలి తోడ్పడినది. గిడుగువారి వ్యావహారికోద్యమము విద్యాలయములలో గెలుపొందుటకు ఎంతయో ముందే, ఈ నవల ఇంటింట గెలుపొందెను.

టోపీ ప్రస్తావన వచ్చినది కనుక దానిని పట్టుకొనియే మూడవ రచనకు పోవుదము. గాంధీ 1888 సెప్టెంబరు 4వ తేదీన బొంబాయినుండి బయలుదేరెను. అప్పటికి పందొమ్మిదేండ్లు నిండలేదు. తెల్లని ఫ్లానెలు దుస్తులు వేసికొని ఓడ దిగి, సెప్టెంబరు చివరిదినములలో అట్టి దుస్తులు ధరించినవాడు తానొక్కడే యని కనుగొని, సిగ్గుతో క్రుంగిపోయెను. పెట్టెలు సంస్థవారికి అప్పగింపబడినందున దుస్తులు మార్చుకొనుటకును వీలులేదు. ఆ సాయంకాలము విక్టోరియా హోటలునకు డాక్టరు ప్రాణజీవన మెహతా వచ్చిరి. మాటల నడుమ ఆ విద్యార్థి మెహతాగారి పట్టుటోపీని తీసికొని, దాని నునుపును చూడవలెనను కోరికతో, నూగును ఎదురుచేతితో నిమిరెను. మెహతాగారు కొంచెము కోపముతో వారించిరి. పరుల వస్తువులను తాకరాదు. తొలిపరిచయమున ప్రశ్నలు వేయరాదు. బిగ్గరగా మాటలాడరాదు – యూరోపియను మర్యాదలలో ఇది ఆ విద్యార్థికి మొదటి పాఠమయ్యెను.

ఈ ఘట్టము పార్వతీశపు కథలో ఎచ్చట చేర్చినను ఇమిడిపోవును. గాంధీజీ ఈ యాత్మకథను ‘నవజీవన్’ పత్రికలో 1925 నుండి 1929 వరకు వారము వారము వ్రాసిరి. రమారమి అదే కాలమున, ఒకరి రచన నొకరు ఎరిగియుండిరని చెప్పుటకు ఆధారము లేకయే, ఒకరు గుజరాతీలోను ఒకరు తెలుగునను, బారిష్టరు కాబోవు యువకుని టోపీతో నవ్వించిరి. బారిష్టరు పట్టమునకు దేశమున గౌరవము తగ్గని కాలమది. కాని విదేశీయవస్తుబహిష్కారము జరిగి ఎంతో కాలము కాలేదు. టోపీని చూచి నవ్వుటకు అప్పటికి దేశము సిద్ధపడినది. ఒక తరము ముందు ఆ నవ్వు అసూయగా మారియుండెడిది.

అయినను గాంధీజీ నవ్వు మొక్కపాటివారి నవ్వువంటిది కాదు. అందు లెక్కలున్నవి. పంతొమ్మిది షిల్లింగుల టోపీ. బాండ్ వీధిలో పది పౌనులకు కుట్టించిన సాయంకాలపు దుస్తులు. నాట్యము నేర్చుకొనుటకు ఒక టర్మునకు మూడు పౌనులు. ఫిడేలు కొనుటకు మూడు పౌనులు. వక్తృత్వము నేర్చుకొనుటకు బెల్ అను నతని పుస్తకము. మూడు వారములలో ఆరు పాఠములు నేర్చినను పియానో తాళము ఆ విద్యార్థి చెవికి పట్టలేదు, కాలు కదలలేదు. మూడు నెలలకు మేలుకొని, ఫిడేలును అమ్మివేయించి, ఖర్చును తగ్గించి, దినమునకు ఎనిమిది పది మైళ్లు నడచుచు, ఒక షిల్లింగు మూడు పెన్నీలతో భోజనము గడుపుకొనెను. కథకులు ఈ మూడు నెలలను దాచలేదు, విస్తరించి ఏడ్వలేదు. ధర చెప్పి ఊరకుండిరి. పశ్చాత్తాపమును అంకెలలో చెప్పుట ఈ రచనలోని శైలీవిశేషము. విశేషణములు లేని చోట సంఖ్యలు విశేషణముల పనిని చేయుచున్నవి.

“టర్ము” అను మాటను గూర్చి ఇచ్చట కొంత చెప్పవలెను. నేడు మన విశ్వవిద్యాలయములలో వాడుకలోనున్న “సెమిస్టరు” లాటినున ఆరు నెలల కాలమును తెలుపు మాటనుండి వచ్చినది. ఇన్నర్ టెంపుల్ అను న్యాయవాదసంస్థలో గాంధీ చేరినది 1888 నవంబరులో. అచ్చట పండ్రెండు టర్ములు గడపవలెను. అది సుమారు మూడేండ్లు. టర్ము గడపుట యనగా పాఠములు వినుట కాదు, భోజనములకు హాజరగుట. టర్మునకు దాదాపు ఇరువది నాలుగు విందులు జరుగగా అందు ఆరింటికైన పోవలెను. నలుగురికి రెండేసి సీసాల ద్రాక్షసారాయము. మద్యము ముట్టనని తల్లి యెదుట ప్రమాణము చేసిన విద్యార్థి ఏ బల్లయొద్ద కూర్చున్నచో ఆ బల్లవారికి పండుగ. అతని భాగమును తక్కిన మువ్వురు పంచుకొందురు గనుక అతనిని పిలుచుటకు పోటీపడుచుండిరి. చదువు తిండిగా మారిన ఈ యాచారమును గాంధీజీ కఠినముగా నిందింపలేదు. ఆ విందులు ఒకనాడు విద్యార్థులకును పెద్దలకును సంభాషణావకాశమును కల్పించెడివనియు, తన కాలమునకు ఆ ప్రయోజనము పోయి ఆచారము మాత్రము మిగిలినదనియు వివరించిరి. రవీంద్రుని లేఖలలోని తీర్పునకును ఈ వివరణకును గల భేదమే వయస్సు.

పట్టమును పొందిన పిదప ఏమి జరిగెను? 1891 జూను 10న గాంధీ బారిష్టరయ్యెను. 11న హైకోర్టులో పేరు నమోదు చేయించుకొని, 12న ఓడ నెక్కెను. ఈ తొందర వెనుక భయమున్నది. పరీక్షలు సులభములు, హిందూధర్మశాస్త్రమును గాని మహమ్మదీయన్యాయమును గాని తాను చదువలేదు, దావాపత్రము వ్రాయుట రాదు. బొంబాయిలో తొలి వ్యాజ్యమున లేచి నిలుచుండి, తల తిరిగి, నోట మాట రాక, ఫీజును మరల నిచ్చివేసెను. విదేశవిద్యకు నిజమైన పరీక్ష స్వదేశమున జరుగునను సత్యము ఈ ఘట్టమున తేటపడినది. ఇంతకంటె కఠినమైన పరీక్ష ఓడరేవులోనే ఎదురయ్యెను. తల్లి పుత్‌లీబాయి కాలధర్మము చెందిన వార్తను అన్నగారు అదివరకు దాచియుంచి, దిగిన పిదప చెప్పిరి. మూడేండ్లు మద్యమాంసములను ముట్టక నిలుపుకొన్న మాటను ఎవరికి నివేదింపవలెనో ఆమె లేదు. గాంధీజీ ఈ దుఃఖమును కొలదివాక్యములలో చెప్పి ముగించిరి. తండ్రి మరణముకంటె ఇది ఎక్కువ బాధించినదనిరి. అయినను కన్నీటిని సైతము ఆపుకొంటిననిరి. లండను ప్రకరణములన్నియు ఈ వాక్యములవైపునకు నడచినవని, వెనుకకు తిరిగి చదివినవారికి తెలియును. టోపీ, ఫిడేలు, విందులలోని సీసాలు – అన్నియు తల్లికి చెప్పుకొనవలసియుండి చెప్పుకొనలేకపోయిన వృత్తాంతములే.

ఇచ్చట ఒక ఆక్షేపణకు సమాధానము చెప్పవలెను. ఎడమే గుణమైనచో, ఆ యెడమే అసత్యమునకును త్రోవ తీయదా? పెద్దవాడైన కథకుడు తనకు తెలిసిన ముగింపునకు అనుకూలముగా తన బాల్యమును దిద్దుకొనడా? ఈ యాక్షేపణ బలమైనదే. గాంధీ విషయమున దానిని పరీక్షించుటకు మనకు అదృష్టవశమున పాతసాక్ష్యములున్నవి. 1888 నవంబరులో ప్రారంభించిన లండను దినచర్యలో కొంతభాగము మిగిలియున్నది. 1891 జూనులో ‘ది వెజిటేరియన్’ పత్రికకు ఆ విద్యార్థి యిచ్చిన సంభాషణయు ఉన్నది. ఇంగ్లండునకు ఏల వచ్చితివని యడుగగా, ఆశయే, అనగా పైకి రావలెనను కోరికయే కారణమని అతడు ఒక్కమాటలో చెప్పెను. ఆత్మకథలో ఈ యాశ అంత సూటిగా కనిపింపదు. కుటుంబమిత్రుడైన మావజీ దవే సలహా, తల్లి సంకోచము, ప్రమాణములు, కులపెద్దల బహిష్కారము ముందునకు వచ్చినవి. ఓడ దిగిన రేవు సౌదాంప్టనని ఆత్మకథ చెప్పుచుండగా, తరువాతి పరిశోధకులు టిల్బరీ యని నిర్ణయించిరి.

దీనినిబట్టి ఆత్మకథ అవిశ్వసనీయమని చెప్పుట తొందరపాటు. రేవు పేరు మారినను తెల్లదుస్తుల సిగ్గు మారలేదు. కాని ఒక పాఠము మాత్రము మనకు లభించుచున్నది: విద్యార్థియైన “నేను” వ్రాసిన చీటీ లేనిచో, కథకుడైన “నేను”ను ప్రశ్నించువాడు ఉండడు. రవీంద్రుల పశ్చాత్తాపము మనకు అర్థమగుటకు ఆ తప్పుల లేఖలు నిలిచియుండుటయే కారణము. వారు కోరినట్లు వానిని మరలించుకొనగలిగియుండినచో, ఒక మహాకవి ఎట్లు ఎదిగెనో చూపు సాక్ష్యమును మనము పోగొట్టుకొనియుందుము. రెండు “నేను”లకును వాఙ్మయమున చోటుండవలెను. లేఖ తొందరపడును, స్మృతి సవరించును. ఒకదానినొకటి అదుపులోనుంచునపుడే సత్యము నిలుచును.

ఈ చర్చకు మన తెలుగుదేశమున తక్షణప్రయోజనమున్నది. 1965లో అమెరికా వలసచట్టము మారిన పిదప అచ్చటికి పోయి స్థిరపడిన తెలుగువారు పెరిగిరి. నేడు ఆంధ్రప్రదేశ్, తెలంగాణములనుండి విద్యార్థులు ఒక సెమిస్టరుకో, కొన్ని సంవత్సరములకో బహుదేశములకు పోవుచున్నారు. వెనుకటి తరమువారు నీలిరంగు ఏరోగ్రాములపై, అంచులదాక ఇరికించి వ్రాసిన ఉత్తరములు ఇండ్లలో పెట్టెల అడుగున నున్నవి. నేటి విద్యార్థి ఉత్తరము వ్రాయడు. ముఖము చూపుచు మాటలాడును, చిత్రములు పంపును. తల్లి అతని వంటగదిని, మంచును, గదిలోని చలిని అప్పటికప్పుడు చూచును. ఇది గొప్ప సౌఖ్యమే. గాంధీ ఎదుర్కొనిన ఓడరేవు వార్తవంటిది నేటివానికి రాకపోవచ్చును. కాని సంభాషణ ముగియగానే ఆ మాట గాలిలో కలిసిపోవుచున్నది. పంపిన చిత్రములో తెల్లదుస్తుల సిగ్గు కనిపింపదు, ఏలన సిగ్గుపడిన దినమున ఎవ్వడును చిత్రము తీయించుకొనడు. ముప్పదియేండ్ల పిదప ఆ విద్యార్థి కథకుడైనపుడు, తన తొలి “నేను”ను ఎచ్చట వెదకికొనగలడు?

అందుచేత పరిశోధకవిద్యార్థులకు నా మనవి రెండు విధములు. ఇట్టి రచనలను పరిశీలించునపుడు, దృశ్యవర్ణనలను పట్టికలుగా కూర్చుటతో తృప్తిపడక, చెప్పువాడు ఎప్పుడు చెప్పుచున్నాడు, ఎవరికి చెప్పుచున్నాడు, ఏమి తెలిసిన పిదప చెప్పుచున్నాడు అని అడుగుడు. దీనితోడనే, మీ మీ ఊళ్లలో విదేశవిద్యార్థుల ఉత్తరములున్న యిండ్లకు పోయి, వారి యనుమతితో ప్రతులు తీయుడు. వానిలో భాషాదోషములుండవచ్చును, గొప్పలుండవచ్చును, చలిని గూర్చియు తిండిని గూర్చియు విసుగు పుట్టించు పునరుక్తులుండవచ్చును. ఆ పునరుక్తులే ప్రమాణములు. వానిని భద్రపరచుట శాసనములను భద్రపరచుటకంటె తక్కువ పని కాదు. శాసనము రాతిపై నున్నది, ఉత్తరము చెదపురుగు నోట నున్నది.

చివరకు కచుని కడకు మరలుదము. నేర్చిన విద్య నీకు ఫలింపకుండుగాక యని దేవయాని శపించెను. నాకు ఫలింపకున్నను నేను నేర్పినవారికి ఫలించునని కచుడు బదులు చెప్పెను. విదేశమున చదివినవారి కథలన్నింటను ఈ శాపమును ఈ బదులును ఏదో యొక రూపమున వినబడుచున్నవి. రవీంద్రుడు పట్టములేక వచ్చెను. గాంధీ పట్టముతో వచ్చి న్యాయస్థానమున మాట పెగలక కూర్చుండెను. కష్టపడి నేర్చిన లాటిను అతనికి బొంబాయిలో కాక, రోమను-డచ్చి న్యాయము నడచు దక్షిణాఫ్రికాలో అక్కరకు వచ్చెను. విద్య ఎచ్చట ఎవరికి ఫలించునో నేర్చునపుడు తెలియదు. తెలియని నాటి మాటను తెలిసిన నాటివరకు భద్రముగా నిలిపియుంచువారు కావలెను. కచునకు వైశంపాయనుడు దొరకెను. మన విద్యార్థులకు ఆ పని చేయవలసినవారము మనమే.